ఆ బుగ్గేంటండీ, అలా ఉబ్బింది?

ఏవండోయ్, ఓసారి ఇటు తిరగండి. కుడిబుగ్గ ఉబ్బినట్టుందే? నిన్న కొబ్బరిముక్క ఇస్తే ఎడంపక్కకి తోసేసి నమిలారు. నేను చూళ్ళేదనుకున్నారా!

మన కోనసీమ వాళ్ళకి పంటినెప్పంటే ఎంత ఓర్పో. చిగురు వాచి చీము పట్టినా "కనుమ వెళ్ళనీండి, జగ్గన్నతోట ప్రభల తీర్థం చూసొచ్చాక చూద్దాం" అంటాం. అదయ్యేసరికి మాఘమాసం, అంతర్వేది స్వామి కళ్యాణం. ఆనక పెళ్ళిళ్ళు. ఈలోగా బుగ్గన లవంగం. లవంగం నూనె తిమ్మిరెక్కిస్తుంది, కాసేపు నెప్పి తెలీదు, నిజమే. లోపలున్న చీము దానికి పోతుందాండీ?

మా వీధి చివరావిడ ఉంది చూశారూ, తోముకుంటే నెత్తురొస్తోందని ఆ పక్క తోమడమే మానేసింది! తోమకపోతే పాచి, పాచి గట్టిపడితే గార, గార పట్టినచోట చిగురు వాపు. పళ్ళ మొదట్లో పచ్చగా పేరుకుపోయింది పాపం. గార తీయిస్తే పళ్ళు కదిలిపోతాయని ఎవరో చెప్పారట. గార కాదండీ పన్నుని పట్టుకునేది, కింద ఎముక. చీము ఆ ఎముకని తినేస్తుంది. గోదారి గట్టు కోసుకుపోతే ఒడ్డున కొబ్బరిచెట్టు నిలుస్తుందా? పోయిన ఎముక మళ్ళీ మునుపట్లా రాదు. చిగురు వాపుతో ఉన్నప్పుడే వెళ్తే, శుభ్రం చేయించుకుని సరిగ్గా తోముకుంటే నెమ్మదిస్తుంది.

మీకు షుగరుంది కదూ? పూతరేకు వద్దన్నప్పుడే పట్టేశాను. షుగరెక్కువైతే చిగుళ్ళు పాడవుతాయి, చిగుళ్ళు పాడైతే షుగరు ఓ పట్టాన అదుపులోకి రాదు. కడుపుతో ఉన్న మీ కోడలికీ చూపించండి, ఆ నెలల్లో చిగుళ్ళు ఊరికే వాస్తాయి.

ఇంకోటి. ఉన్నట్టుండి నెప్పి పోతే సంబరపడకండి, లోపల నరం చచ్చిపోయినా నెప్పి ఉండదు. మందుల షాపులో అడిగి తెచ్చుకున్న బిళ్ళలకి వాపు తగ్గినా, మూలం అక్కడే కూర్చునుంటుంది. వాపు దవడ కిందికి దిగి, నోరు తెరవలేక, మింగలేక, ఊపిరాడకపోతే మటుకు పొద్దుటిదాకా ఆగకూడదు, అర్ధరాత్రయినా పెద్దాసుపత్రికే. 1836లో లుడ్విగ్ అనే జర్మనీ డాక్టరు ఆ జబ్బు గురించి రాశాడు, ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుస్తారు. ప్రాణాల మీదికి తెస్తుందండీ.

రాజోలులో మీ చెల్లెలుగారికీ చెప్పండి. చించినాడ వంతెన దాటితే భీమవరంలో విష్ణు డెంటల్ కాలేజీ ఉంది. మనం రేపు అమలాపురం వెళ్దాం, నేనూ వస్తాను. మీరు వాడే షుగరు బిళ్ళల చీటీ సంచిలో వేసుకోండి, డాక్టరు అడుగుతారు. ఇంజెక్షనని భయపడి కడుపు మాడ్చుకోకండి, షుగరు పడిపోతుంది. నాలుగిడ్లీలు పెడతాను, మెత్తగా ఉంటాయి, తిని బయల్దేరదాం.