కొరియా యాత్రకు మా సన్నాహము



గృహిణి విదేశయాత్ర మాట యెత్తినంతనే "అంత ధనము మనకెక్కడిది?" యను ప్రశ్న పుట్టును. మా యింటను పుట్టినది. మావారు ఉన్నత పాఠశాలలో ఉపాధ్యాయులు. నేను నెలనెల కట్టుచు వచ్చిన చీటీ ఈ యేడు ముగిసి మూడున్నర లక్షల రూపాయలు చేతికి వచ్చినవి. అమ్మాయి చదువునకై దాచిన సొమ్ము వేరుగ నున్నది. దానిని తాకరాదని మొదటనే కట్టడి చేసికొంటిమి. ఈ మూడున్నర లక్షలలో మా అత్తగారు, మావారు, నేను మువ్వురమును దక్షిణ కొరియాకు బోయి, అచటి బౌద్ధాలయములను ప్రాచీన రాజధానులను తొమ్మిది దినములలో చూచి రావలెను. అమ్మాయి ఆ దినములు మా పుట్టినింట నుండును. లెక్క యెట్లు కుదిరినదో, కుదరక యేమి విడువవలసి వచ్చినదో మీకు తెలుపుచున్నాను.

"కాశి లేదా, గయ లేదా, కొరియాయే కావలెనా?" యని మా వదినగారడిగిరి. నేను హ్యేచో కథ చెప్పితిని. ఎనిమిదవ శతాబ్దమున సిల్లా రాజ్యమున బుట్టిన యీ యువభిక్షువు మన దేశమునకు వచ్చి, కాశిని, కుశీనగరమును దర్శించి, మధ్యాసియా మార్గమున చైనాకు బోయి, స్వదేశమును మరల చూడకయే అచట కన్నుమూసెను. ఆయన యాత్రాగ్రంథము ఖండితరూపమున 1908లో దున్‌హువాంగ్ గుహలలో దొరకినది. దక్షిణదేశమున కొండలలో నాగార్జునుని యాజ్ఞచే యక్షులు కట్టినదని చెప్పు మహావిహార మొకటి పాడువడి యున్నదని అందు గలదు. నాగార్జునకొండ పేరు వినని తెలుగువారుండరు గదా! ఆ భిక్షువు సుమారు పదుమూడువందల యేండ్ల క్రిందట ఇంత దూరము వచ్చినపుడు మేము విమానమున నచటికి బోలేమా యంటిని. వదినగారు నవ్వి ఊరకుండిరి.

తొలుత నొక యాత్రాసంస్థవారి నడిగితిమి. వారి పట్టికలో అంగళ్లు, నాటకములు చిత్రించిన వీధులు, వినోదోద్యానములు గలవు, ఆలయ మొక్కటే. మనిషికి లక్షన్నర యనిరి. మావారు పట్టికను మడిచి జేబులో నుంచుకొనిరి. ఆనాటి రాత్రినుండి పటము ముందు వేసికొని మేమే కూర్చుంటిమి.

అన్నిటికంటె పెద్ద వ్యయము విమానపు ఛార్జీ. సొమ్ములో సగము దానికే పోవును. సియోలు నగరమున దిగి, తిరిగి దక్షిణతీరమందలి బూసాను నుండి విమాన మెక్కునట్లు ఏర్పాటు చేసికొన్నచో, దేశమును ఒక్కమారే ఉత్తరమునుండి దక్షిణమునకు దాటవచ్చును. వచ్చిన దారినే మరలిపోవు ఖర్చు, దినము, రెండును మిగులును. ఇక రైళ్లు. కే.టి.ఎక్స్. యను వేగపు బండి సియోలు నుండి దేగు నగరమునకు రెండుగంటల లోపుననే చేర్చును. ముగుంగ్వా యను పాతబండి నాలుగు గంటలకు కొంచెము తక్కువ తీసికొనును గాని ఛార్జీ సుమారు సగమే. ముగుంగ్వా మన మందారజాతి పుష్పము. ఆ దేశపు జాతీయపుష్పము. ఆ పేరు వినగానే మా అత్తగారు ఆ బండియే కావలెననిరి. నాకును సమ్మతమే, కిటికీలోనుండి దేశము కనబడును.

కాలమును గూర్చి విచారమక్కరలేకపోయినది. బడి సెలవులు వేసవిలోనే. కొరియావారు బుద్ధజయంతిని చాంద్రమానపు నాల్గవ మాసమున ఎనిమిదవ నాడు జరుపుదురు. అది సాధారణముగ మే నెలలో వచ్చును. ఆ దినములలో ఆలయములకును వీధులకును కాగితపు దీపములు కట్టుదురు. చూచుటకు రుసుము లేదు.

సియోలునకు మూడు దినములు చాలుననుకొంటిమి. 1395లో కట్టిన గ్యోంగ్‌బొక్ రాజభవనము 1592 నాటి జపానీయుల దండయాత్రాకాలమున కాలి, 1867లో మరల నిలిచినది. 2025 నాటికి ప్రవేశరుసుము 3,000 వన్లు. నూరు వన్లు సుమారు ఆరు రూపాయలు. మంగళవారము మూసియుండును. కొరియా దేశపు ఉడుపులు ధరించినవారికి రుసుము లేదు గాని, ఆ ఉడుపుల అద్దె రుసుముకంటె పలురెట్లు. మన చీరలకు లోటేమి? జాతీయ వస్తుప్రదర్శనశాలలో శాశ్వత ప్రదర్శనమునకు ప్రవేశము ఉచితము. అందొక దినము గడపవలెను.

బుద్ధ ధర్మ సంఘములను రత్నత్రయమునకు అచట మూడాలయములు గలవు: తోంగ్దోసా, హేయిన్‌సా, సోంగ్వాంగ్సా. మూడును చూడవలెనని నా పట్టు. సోంగ్వాంగ్సా నైరృతి మూలనున్నది. దానికై రెండు దినములు, అత్తగారి మోకాళ్లకు మరి నాలుగు బస్సులు. రెండు రాత్రులు వాదించి దానిని విడిచితిని. తోంగ్దోసా బూసానునకు దగ్గరలో నుండుటచే వీలున్నచో చూతుము. హేయిన్‌సాను మాత్రము, తక్కినవన్నియు పోయినను, విడువనంటిని.

కారణము చెప్పెదను. నా చదువంతయు మా తాతగారి యొడిలో. ఆయన యింట పెద్ద పెట్టెనిండ తాళపత్రములుండెడివి. ఆయన పోయిన పిదప మూడేండ్లకు పెట్టె తెరచిచూడగా చెదలు మిగిల్చినది పిడికెడు పొడి. హేయిన్‌సాలో 81,258 కొయ్యపలకలు, ఇరుప్రక్కల అక్షరములతో, నేటికి నిలిచియున్నవి. త్రిపిటకములను మొదట చెక్కిన పలకలను 1232లో మంగోలులు కాల్చివేయగా, ఆ యుద్ధము నడుమనే 1236 మొదలు 1251 వరకు మరల చెక్కిరి. పదునైదవ శతాబ్దపు చావడులు వానిని కాపాడుచున్నవి. ముందుగోడకు వెనుకగోడకు, పైవరుసకు క్రిందివరుసకు కిటికీల కొలతలు వేరువేరు; గాలి లోన తిరిగి వెలికి పోవునట్లు అమర్చినారు. నేలలో బొగ్గు, ఉప్పు, సున్నము, ఇసుక కలిపి కొట్టినారు. 1951 నాటి యుద్ధమున ఆ కొండపై బాంబులు వేయుమన్న ఆజ్ఞను కిమ్ యంగ్‌హ్వాన్ అను వైమానికాధికారి పాటింపలేదు. ఈ పలకలను కిటికీ చువ్వల సందులనుండియే చూడవలసినను నాకు చాలును.

ఆ రాత్రి ఆలయముననే బస చేయుదుము. 2002లో ప్రపంచ ఫుట్‌బాల్ పోటీల సమయమున ఈ ఆలయవాసపు ఏర్పాటు ప్రారంభమైనది. ఆలయమును బట్టి మనిషికి రాత్రికి 50 వేల మొదలు లక్ష వన్ల వరకు నుండును, భోజనము అందులోనిదే. స్త్రీలకు పురుషులకు గదులు వేరు; వెచ్చని నేలపై పరుపు. తెల్లవారకమునుపే పూజ. నూటయెనిమిది సాష్టాంగములు అత్తగారు చేయనక్కరలేదని ముందుగనే వ్రాసి యడిగితిమి.

భోజనము మా ముఖ్యచింత. వెలుపలి అంగళ్లలో కిమ్చీ యందు సైతము చేపరసమో ఉప్పు రొయ్యలో కలియుట వాడుక. ఆలయపు వంట పూర్ణ శాకాహారము. వెల్లుల్లి, ఉల్లిజాతులతో పాటు ఐదు ఘాటుద్రవ్యములు నిషిద్ధము. ఐదవదాని పేరు హుంగో. అది మన హింగువే, చైనా దారిని పోయి అట్లు మారినది. "ఇంగువ లేని పులుసా!" యని అత్తగారు నివ్వెరపోయిరి. అన్నమును మాత్రము గింజ మిగులనీయక, పాత్రను నీటితో కడిగి ఆ నీటిని త్రాగు నియమము వారికి మిక్కిలి నచ్చినది. తక్కిన దినములకు పొడుల పొట్లములు మావారు తూచి పెట్టెలో నుంచినారు.

హేయిన్‌సానుండి దేగు మీదుగా సిల్లా రాజధాని యైన గ్యోంగ్జు. అచట బుల్గుక్సా, సొక్కురాం గుహాలయము గలవు. కిమ్ దేసోంగ్ అను మంత్రి మొదటిదానిని ఈ జన్మపు తల్లిదండ్రులకై, రెండవదానిని పూర్వజన్మపు తల్లిదండ్రులకై 751లో ఆరంభించెనని కథ. 2023 మే నెలనుండి ఇట్టి పెక్కు ఆలయములలో ప్రవేశరుసుము తీసివేసినారు. మా లెక్కలో మిగిలిన సొమ్ము చాలవరకు ఇట్లు మిగిలినదే. వస్తుప్రదర్శనశాల ముంగిట 771లో పోసిన మహాఘంట యున్నది. దాని నాదము తల్లిని పిలుచు బిడ్డ యేడ్పువలె నుండునని, లోహమున బిడ్డను వేసిరని ఒక ఘోరమైన కథ. ఆ కథ మాత్రము అత్తగారికి చెప్పలేదు.

చివరి దినము కిమ్హే. బూసానునుండి బోవు చిన్నరైలు విమానాశ్రయమును దాటి అచటికి చేరును. అందు సురో రాజు సమాధి, ఆయన రాణి హో హ్వాంగ్ ఓక్ సమాధి గలవు. పదుమూడవ శతాబ్దపు సంగుక్ యూసా గ్రంథము ప్రకారము ఆమె ఆయుత దేశపు రాజపుత్రి. తలిదండ్రుల యాజ్ఞచే పదునారేండ్ల ప్రాయమున క్రీ. శ. 48లో ఓడనెక్కి వచ్చెను. ఆయుత మన అయోధ్యయే యని కొందరందురు, చరిత్రకారులందరు ఒప్పుకొనరు. కుమారులలో ఇద్దరు తల్లి వంశనామమునే ధరించిరని సంప్రదాయము.

అత్తగారికి అయోధ్యా వివాదముతో పని లేదు. "పదునారేండ్ల పిల్లను అంత సముద్రము దాటించి ఆ తల్లి యెట్లు ఓర్చుకొన్నదో! పుట్టింటివారు ఇన్నాళ్లకైనను పోవద్దా?" యనిరి. పసుపుకొమ్ములు రెండు, ఎర్ర రవికెలగుడ్డ యొకటి తెచ్చి పెట్టెలో నడుగున నుంచిరి. ప్రతి వస్తువును తూచుచున్న మావారు దానిని మాత్రము తూచలేదు.