రేవుకి ఎంత దూరం

రాజమండ్రిలో ఆటో మాట్లాడుకుంటే చూపించే చోట్లు అందరికీ ఒకటే. పుష్కరఘాట్, మార్కండేయస్వామి గుడి, కోటిలింగాల రేవు, ఇస్కాన్ మందిరం, అక్కణ్ణించి ధవళేశ్వరం ఆనకట్ట, కాటన్ మ్యూజియం. పొద్దుంటే కడియం నర్సరీలు. 1900 నుంచి 1997 దాకా రైళ్ళు నడిచిన హేవలాక్ వంతెనని ఆటోలోంచే చెయ్యి చాపి చూపించేస్తారు. 2015లో ఊరి పేరు రాజమహేంద్రవరం అయింది గానీ ఈ వరస మారలేదు.

నాన్న పోయిన మూడేళ్ళకి అమ్మని తీసుకొచ్చాను. "పుష్కరాలకి రావడమే గానీ ఈ ఊరు చూసిందెప్పుడే" అంటూ ఉండేది.

ఘాట్ మెట్ల మీద బుట్ట పెట్టుక్కూచున్నావిడ నా చేతిలో పసుపు కుంకుమ పొట్లం పెట్టి, రెండోది అమ్మకి ఇవ్వబోయి, నుదురు చూసి చెయ్యి వెనక్కి తీసుకుంది. ఆవిడ మొహంలో చిన్నచూపు ఏమీ లేదు, అలవాటు అంతే. అమ్మ గోదావరి కేసి చూస్తూ ఉండిపోయింది. వితంతు వివాహోద్యమం మీద ఒక అధ్యాయమంతా రాసి డాక్టరేట్ పుచ్చుకున్న నాకు ఒక్క మాట పెగల్లేదు.

అందుకేనేమో కందుకూరి ఇంటికి పోనిమ్మన్నాను. "పాత ఇల్లేనండీ, అక్కడేముంటుంది" అన్నాడు ఆటో అబ్బాయి.

దాన్ని కందుకూరి జన్మగృహం అంటారు. పేరులోనే ఉంది అది ఎవరి ఇల్లో. పుట్టింట్లో బాపమ్మ అయిన పిల్ల రాజ్యలక్ష్మిగా మారి కాపురం చేసింది ఆయనతోనే. అమ్మకి ఆ పెళ్ళి కథ చెప్పాను. 1881 డిసెంబరు 11న గోగులపాటి శ్రీరాములుకి, బాల వితంతువు గౌరమ్మకి వీరేశలింగం పెళ్ళి చేయించాడు. ఊరు వెలేసింది. వంటవాళ్ళు రాలేదు, నీళ్ళు తెచ్చేవాళ్ళు మానేశారు. రాజ్యలక్ష్మమ్మే గోదావరి నుంచి నీళ్ళు మోసుకొచ్చి అంతమందికీ వండి పెట్టింది.

అమ్మ అంతా విని, "ఎంత దూరం మోసిందే?" అంది.

నా దగ్గర జవాబు లేదు. ఎన్ని బిందెలు, ఎన్ని తిరుగుళ్ళు, మడిచీర తడిసి ఎంత బరువెక్కి ఉంటుంది, ఇవేవీ నాకు తట్టలేదు. ఆమె గురించి నా థీసిస్‌లో ఉన్నది ఒక పేరా. అందులో నేను వాడిన మాట 'సహకారం'. ఆయన చేసింది ఉద్యమం, ఆమె చేసింది సహకారం. ఆ మాట చరిత్రకారుల దగ్గర తీసుకున్నదే, కానీ రాసింది నేను. ఆ నీళ్ళు రాకపోతే ఆ పెళ్ళికి అన్నం ఉడికేది కాదు. పీటల మీద పెళ్ళి ఎంత తిరుగుబాటో, ఊరంతా చూస్తుండగా వీధుల వెంట బిందెతో నడవడమూ అంతే కదా! ఆయనకి సభలున్నాయి, పత్రిక ఉంది. ఆమెకి వీధి దాటాలి.

ఆటోని రేవు దగ్గర ఉండమని చెప్పి నడిచాం. ఇప్పటి దారి అప్పటి దారి కాదు, ఆ సంగతి అమ్మకీ తెలుసు. అయినా పెదాలు కదుపుతూ అడుగులు లెక్కపెట్టింది. మోకాళ్ళ నొప్పితో రెండుసార్లు ఆగింది, లెక్క తప్పింది.

మెట్లు దిగి నీళ్ళలో చెయ్యి పెట్టింది. "నడక కాదే కష్టం. నిండు బిందె చంకనెత్తుకుని తడికాళ్ళతో మెట్లెక్కడం. మా ఊళ్ళో కాలవ రేవులో నేను రెండుసార్లు జారాను. బిందె సొట్టపోయిందని మా అమ్మ కొట్టింది" అంది. ముప్ఫై ఐదేళ్ళలో ఈ సంగతి నేను వినడం ఇదే మొదలు.

తరవాత, "ఈ మెట్ల గురించి రాశావా నువ్వు?" అని అడిగింది.

"లేదమ్మా."

పైనుంచి ఆటో అబ్బాయి కేకేస్తున్నాడు, ఆలస్యమైతే కాటన్ మ్యూజియం మూసేస్తారని. అమ్మ ఇంకో మెట్టు దిగింది.