ముందు చాంబరు మూత లేపు

డ్రైనేజీ జామైందని ఫోనొస్తే స్ప్రింగు భుజానేసుకుని నేరుగా బాత్రూములో దూరొద్దు. కాంపౌండు గోడ దగ్గరి చాంబరు మూత లేపు. నిండి ఉంటే అడ్డం రోడ్డువైపు, ఎండి ఉంటే ఇంటివైపు. రేణిగుంటలో ఇరవై రెండేళ్లుగా ఇదే పని నాది. తప్పెవరిదన్న తగాదాలు సగం ఆ మూత దగ్గరే తేలిపోతాయి.

పనిలో చేరిన కొత్తలో స్టేషను దగ్గర ఒకింట్లో సింకు నీళ్లు దిగలేదు. నేల కింద పైపు పగిలిందనుకొని వంటింట్లో టైల్సు లేపేశా. పైపు నిక్షేపంగా ఉంది. సాయంత్రం మా మేస్త్రి వచ్చి చాంబరు చూశాడు, అంచుదాకా నీళ్లు. వీధి కాలువలో పడే పైపు మూతికి మట్టి పేరుకుంది. వెదురుబద్దతో పది నిమిషాలు పొడిచేసరికి గుడగుడమని దిగిపోయినాయి. టైల్సు డబ్బులు ఆయనే కట్టాడు. "నీళ్లు ఎక్కడ నిలబడినాయో చూడకుండా సుత్తి ఎత్తొద్దురా" అన్నాడంతే.

స్ప్రింగు కొనకు ఏం తగులుకొని వచ్చిందో కూడా చూడు. జిడ్డు, పిండి, వెంట్రుకలు వస్తే వాడకం తప్పు. ఎర్రమట్టి, చెట్ల వేళ్లు వస్తే పైపు పగిలినట్టే. ఏమీ రాకపోతే పైపు వాటం చూడు. నేను ఒంటరిగా తేల్చిన మొదటి తగాదా అలాంటిదే. అద్దెకున్నామె పిండి పోసిందని ఓనరు, పైపే పాతదని ఆమె. స్ప్రింగుకు ఏమీ రాలేదు. ట్యూబులెవెలు పట్టి చూస్తే పైపుకు ఎదురు వాటం! నాలుగంగుళాల పైపుకు నలభై అడుగులకు ఒక అడుగు వాటం పెట్టాలి. ఓనరు మాట్లాడకుండా పైపు మార్పించాడు. 2021లో కేంద్రం తెచ్చిన నమూనా అద్దె చట్టంలోనూ డ్రైను శుభ్రం అద్దెవాళ్లకు, పైపుల మార్పు ఓనరుకు రాసినారు. ముందే అగ్రిమెంటులో రాసుకుంటే గొడవుండదు.

వీధి కాలువ మాత్రం పంచాయతీది. 2021 నవంబరులో పడినట్టు భారీ వానలు పడితే కాలువ నీళ్లే ఇళ్లలోకి ఎదురెక్కుతాయి. అప్పుడు ఇంట్లో ఎంత పొడిచినా దండగ. పంచాయతీలో అర్జీ ఇమ్మని ఇంటివాళ్లకు చెప్పు.

ఒక్క పని చెయ్యొద్దు. సెప్టిక్ ట్యాంకులో దిగొద్దు. లోపలి గ్యాసు ఎక్కువైతే ముక్కుకు వాసన కూడా తెలియదు, మనిషి అక్కడే పడిపోతాడు. రక్షణ సామగ్రి లేకుండా దింపించినవాళ్లకు, పాకీపనిని నిషేధించిన 2013 చట్టం కింద మొదటిసారికే రెండేళ్ల దాకా జైలు, లేదా రెండు లక్షల దాకా జరిమానా, లేదా రెండూ. ఎంత ఇస్తామన్నా, ఎంత బతిమాలినా దిగకుండా, మురుగు తోడే ట్యాంకరు లారీకి ఫోన్ చెయ్యి.