నాలుగు పిలుపులు... ఒక చదువు

ఆదివారం వస్తే ఆబిడ్స్‌లో చాలా దుకాణాల షట్టర్లు దించే ఉంటాయి. వాటి ముందు ఫుట్‌పాత్ మీద మాత్రం పాత పుస్తకాలు కొలువుదీరతాయి. ఇంజినీరింగ్ గైడ్లు, ఇంగ్లిష్ నవలలు, ఎవరింటి అటక మీది నుంచో దిగొచ్చిన పద్యకావ్యాలు... అన్నీ ఒకే పట్టా మీద! డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతున్న ఓ అమ్మాయికి మూడేళ్లుగా ఆదివారమంటే ఇదే. నాంపల్లిలోని ఇంటి నుంచి నడిచి వస్తుంది. సంచి బరువెక్కాక నడిచే వెళుతుంది. బి.ఏ.లో ఆమె సబ్జెక్టు ఇంగ్లిష్ సాహిత్యం. సంచిలో మాత్రం కవిత్వం పక్కనే సూఫీల మీద ఒకటి, బౌద్ధం మీద ఒకటి, పాత బైబిల్ ఒకటి సర్దుకుని ఉంటాయి.

పుస్తకాలు కొన్నంతకాలం ఇంట్లో ఎవరూ ఏమీ అనలేదు. డిగ్రీ పూర్తి కావస్తుండగా మొదలైంది అసలు పేచీ. ఐసెట్ రాయమన్నాడు నాన్న. ఎంబీఏ చేస్తే ఏదో ఒక ఆఫీసులో కుర్చీ దొరక్కపోదని ఆయన నమ్మకం. సాహిత్యంలో ఎం.ఏ. చేస్తానంది కూతురు. అక్కడితో ఆగినా బాగుండేది. మతాలను కూడా చదవాలని ఉందనీ, ఎప్పటికైనా ఆ రెండింటినీ కలిపి పరిశోధన చేస్తాననీ చెప్పింది. అమ్మ చేతిలో గరిటె ఆగిపోయింది.

‘మతాలు చదువుడేంది బిడ్డా? మనం రోజూ దీపం పెడుతలేమా?’

అమ్మ ప్రశ్న కొట్టిపారేయాల్సింది కాదు. మనలో చాలామందికి మతం పాటించేదే తప్ప చదివేది కాదు. పిల్ల చదువుతానంటే ఉన్న భక్తి పోతుందేమోనని కొందరికి భయం. ముదిరిపోతుందేమోనని మరికొందరికి భయం. నాన్నది ఈ రెండూ కాదు. ఆ చదువు అన్నం పెడుతుందా అని!

ఇంతకీ ఆ అమ్మాయికి ఈ పిచ్చి పట్టించింది ఒక కవిత. సాయంకాలపు ప్రార్థన మీద సరోజినీ నాయుడు రాసింది. అందులో నాలుగు పిలుపులు వినిపిస్తాయి. ముస్లింలది, క్రైస్తవులది, పార్సీలది, హిందువులది. ‘మతసామరస్యం’ అని ఒక్క మాట రాస్తే పరీక్షలో మార్కులు పడతాయి. కానీ ఆమెకు ఆ మాట చాలలేదు. పార్సీల ప్రార్థనంటే ఏమిటో తెలియకుండా ఆ చరణం అర్థమైందని ఎలా అనుకోవడం?

పైగా ఆ కవయిత్రి ఇల్లు తను రోజూ నడిచే నాంపల్లి దారిలోనే ఉంది. గోల్డెన్ థ్రెషోల్డ్. తెలుగులో చెప్పుకోవాలంటే బంగారు గడప. 1905లో వచ్చిన ఆమె తొలి కవితా సంపుటి పేరే ఆ ఇంటి పేరు. 1879లో హైదరాబాద్‌లో పుట్టిన సరోజిని తండ్రి అఘోరనాథ్ ఛటోపాధ్యాయ బెంగాలీ, బ్రహ్మసమాజీకుడు. గోవిందరాజులు నాయుడితో ఆమె పెళ్లి 1898లో మద్రాసులో కందుకూరి వీరేశలింగం చేతుల మీదుగా జరిగింది. 1974లో హైదరాబాద్ విశ్వవిద్యాలయం మొదలైందీ ఈ ఇంట్లోనే.

ఆ కవిత ఈ వీధుల గురించే రాశారని చెప్పలేం. కానీ ఆ నాలుగు పిలుపులూ వినిపించే చోట్లు ఈ ఇంటికి నడక దూరంలోనే ఉన్నాయి. గన్‌ఫౌండ్రీలో సెయింట్ జోసెఫ్స్ కెథడ్రల్. తిలక్ రోడ్డులో పార్సీల అగ్ని ఆలయం. నాంపల్లిలో యూసుఫైన్ దర్గా. గుళ్ల సంగతి సరేసరి. ఆ అమ్మాయి ఒక్కో ఆదివారం ఒక్కో చోటికి వెళ్లింది.

తిలక్ రోడ్డులో మాత్రం గేటు బయటే ఆగాల్సి వచ్చింది. పార్సీలు కానివారికి అగ్ని ఆలయంలోకి ప్రవేశం లేదు. మొదట చిన్నబుచ్చుకుంది. ఇంటికొచ్చి చదివింది. వాళ్లు కొలిచేది అహుర మజ్దాను. అగ్ని ఆయనకు ప్రతిరూపం. ఇరాన్ విడిచి శతాబ్దాల కిందట గుజరాత్ తీరం చేరినప్పటి నుంచీ కాపాడుకుంటూ వస్తున్న ఆచారాలవి. అప్పుడు ఆమెకు ఒకటి తట్టింది. లోపలికి వెళ్లలేని చోటికి పుస్తకం కొంతదూరం తీసుకెళుతుంది. ఎదుటివాళ్ల గడప దగ్గర ఎక్కడ ఆగాలో కూడా నేర్పుతుంది. మతాన్ని చదవడానికి ఆ మతంలో పుట్టనక్కర్లేదు. అందులోకి మారనక్కర్లేదు. కాస్త మర్యాద, బోలెడు ఓపిక ఉండాలి.

దర్గాలో ఇంకో వింత ఎదురైంది. 1687లో ఔరంగజేబు గోల్కొండను ముట్టడించినప్పుడు ఓ రాత్రి గాలివానకు గుడారాలన్నీ కూలిపోయాయనీ, ఒక్క గుడారంలో మాత్రం దీపం వెలుగుతూ ఇద్దరు సైనికులు ఖురాన్ చదువుకుంటూ కనిపించారనీ ఇక్కడ కథగా చెప్పుకుంటారు. ఆ ఇద్దరే యూసుఫ్, షరీఫ్ బాబాలు. వాళ్ల సన్నిధిలోనే ఇద్దరు ఉర్దూ మహాకవుల సమాధులున్నాయి. 1900లో కన్నుమూసిన అమీర్ మీనాయీ, 1905లో కన్నుమూసిన దాగ్ దెహ్లవీ. దాగ్ ఆరో నిజాంకు కవిత్వంలో గురువు. ప్రేమ గజళ్లకు పేరుమోసినవాడు సూఫీల పక్కన ఎందుకు పడుకున్నాడు? ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే ఉర్దూ రావాలి.

ఉర్దూ ఇంట్లోనే ఉంది. తొంభైకి దగ్గరపడిన తాత నిజాం కాలంలో చిన్నబడి ఉర్దూలోనే చదివాడు. సాయంత్రాలు మనవరాలి చెయ్యి పట్టుకుని నాంపల్లి వీధుల్లో దుకాణాల బోర్డులు చూపిస్తూ అలిఫ్, బే దిద్దించాడు. కళ్లలో శుక్లాలు. బోర్డు పెద్దగా ఉంటేనే పోల్చుకోగలడు. ‘జల్ది నేర్చుకో బిడ్డా’ అనేవాడు, నవ్వుతూనే.

నాన్నను మాత్రం ఇవేవీ కదిలించలేదు. ఆయనది పాలమూరు. అందుకే ఆ జిల్లా మనిషి పేరే ఎత్తింది కూతురు. సురవరం ప్రతాపరెడ్డి. ఆబిడ్స్‌లోని రెడ్డి హాస్టల్ బాధ్యతలు చూసినాయన. 1926లో ‘గోలకొండ పత్రిక’ పెట్టి, తెలంగాణలో కవులు లేరన్న మాటకు 1934లో 354 మంది కవులతో సంచిక తెచ్చి జవాబిచ్చారు. ‘హిందువుల పండుగలు’ రాశారు. పాత కావ్యాలు తవ్వి జనం ఏం తిన్నారో, ఏం కట్టారో, ఏ దేవుళ్లకు మొక్కారో ‘ఆంధ్రుల సాంఘిక చరిత్ర’గా చెప్పారు. 1955లో సాహిత్య అకాడమీ తెలుగుకిచ్చిన మొదటి అవార్డు దానికే. నాంపల్లిలో పెరిగిన తెలుగు విశ్వవిద్యాలయానికి 2025లో ఆయన పేరే పెట్టారు. సాహిత్యం, మతం కలిపి చదివితే వచ్చేది ఇది కాదా నాన్నా?

నాన్న అంతా విన్నాడు. ‘ఆయన వకీలు చదువు గూడ చదివిండు గదా!’ అన్నాడు.

నిజమే మరి. ప్రతాపరెడ్డి మద్రాసులో బి.ఎల్. చేశారు. అమ్మాయి దగ్గర జవాబు లేదు. మతాల అధ్యయనానికి విడిగా శాఖలున్న విశ్వవిద్యాలయాలు మన దేశంలో అరుదు. అమెరికాలో ప్రొఫెసర్‌గా పనిచేసిన వెల్చేరు నారాయణరావు పాల్కురికి సోమనాథుడి బసవపురాణాన్ని ఇంగ్లిష్‌లోకి తెచ్చి 1990లో ప్రచురించారు. కానీ అంతవరకు నడిచేవాళ్లు ఎందరు? తండ్రి భయంలో తప్పు లేదని ఆమెకూ తెలుసు.

చివరికి రెండు ప్రవేశ పరీక్షలకూ ఫీజు కట్టాడు నాన్న. ఎం.ఏ. సీటొస్తే రెండేళ్లు. తర్వాత ఏ లెక్చరర్ ఉద్యోగానికో ప్రయత్నించాలి. అదీ ఒప్పందం. గెలిచిందెవరో ఫలితాలొచ్చాకే తెలుస్తుంది.

ఆ రాత్రి అన్నం వడ్డిస్తూ అమ్మ అడిగింది. ‘అవునే, ఆళ్ల అగ్గి ఎప్పటికీ ఆరదా?’

పెద్ద ఆలయాల్లో పూజారులు రోజుకు ఐదుసార్లు కట్టెలు వేసి కాపాడతారని చెప్పింది కూతురు.

‘ఐదుసార్లా! నాకు రెండు పూటలకే తిప్పలైతది’ అంది అమ్మ. కాసేపాగి, ‘ఆ పుస్తకం తెలుగుల ఉంటే నాకూ చెప్పు’ అంది.