వెనుకవరుస నుండి వచ్చిన గురువు

మన హైదరాబాదున 1944లో జన్మించి, భారత ఫుట్‌బాలు జట్టునకు నాయకుడై, పిదప ఆ జట్టునకే శిక్షకుడైన క్రీడాకారుడు సయ్యద్ నయీముద్దీను. ఆటగాండ్రకిచ్చు అర్జున పురస్కారమును 1971లోను, గురువులకిచ్చు ద్రోణాచార్య పురస్కారమును 1990లోను ఆయన పొందెను. ఈ రెండును లభించిన తొలి ఫుట్‌బాలు క్రీడాకారుడు ఆయనయే. కలకత్తాలో ఆ పేరు చెప్పిన వృద్ధులు లేచి కూర్చుందురు. నాంపల్లిలో చెప్పిన, ఏ వీథివాడని యడుగుదురు.

ఆయన కథ చెప్పుటకు ముందు మఱియొకరి కథ కొంత చెప్పవలెను. 1909లో జన్మించిన సయ్యద్ అబ్దుల్ రహీం సాహెబు వృత్తిచే బడిపంతులు. కాచిగూడ, చాదర్‌ఘాటు మొదలగు చోట్ల పిల్లలకు పాఠములు చెప్పిన వాడు. ఆయన చేతిలో హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 మొదలు 1954 వఱకు వరుసగా ఐదేండ్లు బొంబాయి రోవర్స్ కప్పును గెలిచెను. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను ఆసియా క్రీడలందు స్వర్ణపతకము నార్జించెను; 1956లో మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానమున నిలిచెను. అజీజు, నూర్ మహమ్మదు, జుల్ఫికరుద్దీను, బలరాం మొదలగు మన నగరపు యువకులు ఆ మెల్బోర్న్ జట్టులో నుండిరి.

రహీం సాహెబు పెట్టిన పోటీలను గూర్చి వినినప్పుడు నాకు మిక్కిలి ముచ్చట కలిగినది. ఒక పోటీలో ఆటగాడు తనకు చేతగాని కాలితోనే బంతిని తన్నవలెను. కుడికాలివాడు ఎడమకాలితోను, ఎడమకాలివాడు కుడికాలితోను. మఱొకదానిలో బంతిని తనయొద్ద నిలుపుకొని విన్యాసములు చూపరాదు. అందిన తోడనే ప్రక్కవానికి అందింపవలెను. లెక్కలలో వెనుకబడిన బాలునిచే లెక్కలే చేయించు పంతులు బుద్ధి యిందు లేదా?

తల్లిదండ్రులు ఇక్కడ నొక ప్రశ్న వేయుదురని యెఱుగుదును. ఆట కూడు పెట్టునా? ఆ దినములలో పెట్టెను. పోలీసు శాఖ ఆటగాండ్రకు ఉద్యోగమిచ్చెడిది. నెలజీతముండుటచే బీదయింటి బాలుడును ఉదయము మైదానమునకు నిశ్చింతగా పోగలిగెడివాడు. హైదరాబాదు ఫుట్‌బాలు వైభవమునకు కారణములు వెదకువారు ప్రతిభను మాత్రమే చెప్పి, ఈ జీతపురాళ్ళ సంగతిని మఱచుట న్యాయము గాదు.

రహీం సాహెబు తీర్చిన ఆ పోలీసు జట్టుననే నయీముద్దీను ఆటగాడైనాడు. 1963 జూన్ 11న గురువు క్యాన్సరు వ్యాధిచే గతించునాటికి ఆయనకు 20 ఏండ్లైనను నిండలేదు. 1966లో ఆయన కలకత్తా యీస్టు బెంగాలు సంఘమునకు వెడలిపోయెను. మనవారు పలువురు ఆ త్రోవనే పోయిరి. అచ్చట ఆటకు ధనమును, వేలకొలది ప్రేక్షకులును ఉండిరి. పోయినవారిని తప్పుపట్టుటకు మన మెవరము? 1970లో బ్యాంకాకు ఆసియా క్రీడలకు ఆయన నాయకత్వమున పోయిన జట్టు మూడవ స్థానపు పోటీలో జపానును 1-0 గోలుతో ఓడించి కాంస్యపతకము తెచ్చెను. ఆ పిమ్మట 2023 క్రీడల వఱకు ఆసియా క్రీడల ఫుట్‌బాలులో మన పురుషుల జట్టుకు పతకము లేదు. జపాను ఎక్కడికి పోయెనో, మన మెక్కడ నుంటిమో తలచుకొన్న మనసు చివుక్కుమనును.

ఆయన ఆడిన తావు వెనుకవరుస. గోలు కొట్టినవానికి చప్పట్లు. గోలు పడకుండ ఆపినవానికి మట్టిబట్టలు. కాని వెనుక నిలిచినవాని కన్నులయెదుట మైదానమంతయు నుండును. ఎవడు అలసినాడో, ఎవడు తన తావు వదలినాడో వానికే ముందుగా తెలియును. తురుష్కదేశమున షెనోల్ గునెష్ అను గోలురక్షకుడు గలడు. శిక్షకుడై 2002 ప్రపంచపోటీలలో తన దేశమును మూడవ స్థానమునకు చేర్చినాడు. ఆయనయు కొంతకాలము బడిపంతులే! మా స్నేహితుడొకరు ఈ మాట విని, ముందువరుసన ఆడిన పి.కె. బెనర్జీ గొప్ప శిక్షకుడు కాలేదా యని నన్ను నిలదీసెను. అయ్యెను. ఐనను నా అభిప్రాయమును విడువ మనసొప్పకున్నది.

శిక్షకుడుగా నయీముద్దీను క్రమశిక్షణయందు మిక్కిలి కఠినుడని పేరుపొందెను. 1990లో ఆయన శిక్షణలో ఈస్టు బెంగాలు జట్టు డ్యూరాండు కప్పును, రోవర్స్ కప్పును, ఐ.ఎఫ్.ఏ. షీల్డును ఒకే యేట గెలిచెను. భారత జట్టు 1997లో ఖాట్మండులోను, 2005లో కరాచీలోను దక్షిణాసియా విజేతయైనప్పుడు గురుపీఠమున ఆయనయే యుండెను. కరాచీలో ఓడినవారు బంగ్లాదేశీయులు. అటుపిమ్మట 2007లో ఆ బంగ్లాదేశ్ జాతీయజట్టే ఆయనను శిక్షకునిగా పిలుచుకొనెను. ఓడించినవానిని గురువుగా కోరుట చిన్న మర్యాద గాదు.

ఇంత జరిగినను ఆయన పనిచేసిన చోట్లలో మన నగరము వెనుకబడిపోయినది. పెద్ద సంఘములు కలకత్తాలో, గోవాలో నుండగా ఇచ్చట నేర్పుట కేమి మిగిలినది? గురువు నుండి శిష్యునకు, ఆ శిష్యుని నుండి వేఱొక బాలునకు రావలసిన విద్య ఊరు మారిపోయినది. మైదానములును తఱిగినవి. నాంపల్లికి దాపుననున్న గోషామహలు పోలీసు మైదానమున 2025 జనవరి 31న ఉస్మానియా ఆసుపత్రి క్రొత్త భవనములకు శంకుస్థాపన జరిగెను. రోగులకు మంచములు వలదనుటకు నాకు నోరు రాదు. పాత ఆసుపత్రి స్థితి చూచినవా రెవరును అనలేరు. కాని సాయంకాలము బంతి చంకనిడుకొని వచ్చు పిల్లవానికి మఱొక చోటు చూపుమని అడుగుటకు నోరున్నది.

చేతగాని కాలితో తన్ను ఆ పోటీని మన బడి ఆవరణమున జరుపవలెనని వ్యాయామోపాధ్యాయులవారితో మొన్న మనవి చేసితిని. ఆయన నవ్వి, ముందుగా గాలి నిలుచు బంతులు రెండు తెప్పింపుమనిరి. తెప్పించితిని.