చెవి ట్యాగు కనిపించే ఫొటో

పశువైద్య విద్యార్థికి ఫోన్ కూడా ఒక పనిముట్టే. పుండు ఎలా మానుతోందో ఫొటో తీసి సీనియర్‌ని అడగడం మంచి అలవాటని నేనే చెబుతాను. నా దిగులంతా ఆ తర్వాత ఆ ఫొటో ఎక్కడికి పోతుందన్నదే.

లంపీ స్కిన్ వ్యాధి వ్యాపించిన 2022లో, మా దగ్గర ఇంటర్న్‌గా ఉన్న అబ్బాయి ఒళ్లంతా గడ్డలు లేచిన ఆవు ఫొటోను వాట్సాప్ స్టేటస్‌లో పెట్టాడు. రైతు పేరు రాయలేదు, ఊరి పేరూ రాయలేదు. కానీ ఆవు చెవికి పసుపు ట్యాగు, దాని మీద 12 అంకెలూ స్పష్టంగా ఉన్నాయి. ఊళ్లోవాళ్లకైతే ఆ అంకెలతోనూ పనిలేదు, ఆవును చూస్తేనే ఎవరిదో చెప్పేస్తారు. ఆ రైతు దవాఖానకు వచ్చి, "సారూ, మా పాలు ఎవరూ పోయించుకుంటలేరు" అన్నాడు.

లంపీ మనుషులకు అంటదు. పాల కేంద్రం దగ్గర నిలబడి ఆ సంగతే చెప్పాం. కొందరు నమ్మారు. అందరూ నమ్మేదాకా ఆగగలిగే ఇల్లు కాదది, పాల డబ్బులతోనే పూట గడుస్తుంది. ఆ అబ్బాయిని వాళ్లింటికి తీసుకెళ్లాను. "ఫొటో తీసేముందు మమ్మల్ని అడగాలె గద బిడ్డా" అంది ఆ ఇంటావిడ. కోపంగా అనలేదు. అతను తలెత్తలేకపోయాడు.

ఇంకో విద్యార్థిని, జ్వరమొచ్చిన పిల్లికి పారాసిటమాల్ వేయమని ఒక గ్రూపులో రాసింది. ఆ మందును విరిచే శక్తి పిల్లి కాలేయానికి లేదు, ఒక్క మాత్ర చాలు ప్రాణం తీయడానికి. తోటివాళ్లు చూసి తీసేయించారు, అప్పటికే ఎందరు చదివారో! పశువు మా దగ్గరికి రాకముందు సూది వేసిన గోపాలమిత్రను, అంటే ఊళ్లో పశువులకు తొలి సాయం చేసే కార్యకర్తను, వెక్కిరిస్తూ చేసిన రీల్ కూడా చూశాను. అర్ధరాత్రి ఫోన్ చేస్తే ఆ ఊరికి మొదట చేరేది అతనే.

భారత పశువైద్య మండలి ప్రవర్తనా నియమాలు 1992 నాటివి. అప్పటికి స్మార్ట్‌ఫోన్ లేదు. కాబట్టి ఈ పాఠం మేమే చెప్పాలి. కేసు షీటులోనే అనుమతి రాయించమంటాను: వైద్యానికి, తరగతికి, బయట పెట్టడానికి, మూడూ విడివిడిగా. రైతు వద్దన్నా వైద్యంలో తేడా రాదని ముందే చెప్పమంటాను. ఆ మాట చెప్పకుండా అడిగితే, తన ఆవు ప్రాణం మన చేతుల్లో ఉన్న మనిషి కాదని ఎలా అంటాడు?