గ్రంథచౌర్యము

పరుల ధనమును హరించినవానిని దొంగ యనుటకు లోకమునకు సందేహము లేదు. పరుల వాక్యములను హరించినవానిని ఏమనవలయునో మాత్రము మనవారింకను నిశ్చయించుకొనలేదు. ధనము పోయినవాని పెట్టె ఖాళీ యగును. వాక్యములు పోయినవాని పుస్తకము యథాతథముగా నుండును. కాఁబట్టి నష్టమెవ్వరికని యడుగువారు కలరు. ముందుగా నష్టపడువాఁడు హరించినవాఁడే యని నా యభిప్రాయము. అట్లేల తలంచుచున్నానో విన్నవించెదను.

మన విశ్వవిద్యాలయములందు పరిశోధన చేయు విద్యార్థులకు ఈ విషయమున నిబంధనలు లేకపోలేదు. విశ్వవిద్యాలయ నిధుల సంఘమువారు 2018వ సంవత్సరమున గ్రంథచౌర్య నివారణార్థము నియమావళిని ప్రకటించిరి. సిద్ధాంతగ్రంథమును సాఫ్టువేరుచేఁ బరీక్షించి, అది యితరుల రచనలను నూటికెంత పోలియున్నదో లెక్కకట్టుదురు. పోలిక 10 శాతములోపల నున్నచో దండన లేదు. 10 దాటి 40 వఱకైనచో, 6 నెలలకు మించని గడువులో సవరించి తిరిగి సమర్పింపవలయును. 40 దాటి 60 వఱకైనచో, సవరించిన ప్రతిని ఒక సంవత్సరము సమర్పింపరాదు. 60 దాటినచో నమోదే రద్దగును. పేరు చెప్పి యుదాహరించిన భాగములును, గ్రంథసూచియు, విషయసూచికయు, చట్టములును ఈ లెక్కలోనికి రావు. రచన తనదేయని విద్యార్థియు, చౌర్యదోషము లేదని పర్యవేక్షకుఁడును పత్రములు వ్రాసి యీయవలయును. 2022 నాఁటి పిహెచ్.డి. నిబంధనలప్రకారము కోర్సువర్కు 12 క్రెడిట్లకుఁ దక్కువ కాఁగూడదు. అందు పరిశోధన ప్రచురణల నీతిని గూర్చిన పాఠము చేరియుండవలయును. దానియందు 55 శాతము మార్కులైనను రావలయును.

ఇంత కట్టుదిట్టమున్నను దోషమేల నశింపకున్నది? దీనికి సమాధానము నాకు గ్రంథములలోఁ గాక, నా పూర్వశిష్యుఁడొకనివలన దొరికినది. వాఁడు జానపదగేయములను గూర్చి పరిశోధన చేయుచున్నాఁడు. మొదటి ప్రకరణమునకు 34 శాతము పోలిక వచ్చినదఁట. కాగితములు చేతఁబట్టుకొని మా యింటికి వచ్చి, "మాస్టారూ, మీకు అమరము నోటికి వచ్చును గదా! ఈ మాటలకుఁ బర్యాయపదములు చెప్పండి. పదింటికి దిగితే చాలును" అనెను.

వాఁడప్పటికే కొంత సవరించి తెచ్చినాఁడు. 'పల్లె' యున్నచోట 'గ్రామ' మైనది. 'చంద్రుఁడు' 'శశాంకుఁ' డైనాఁడు. ఇంతవఱకు బాధ లేదు. 'నాట్ల పాటలు' అనుదానిని మాత్రము 'మోటు పాటలు' అని మార్చినాఁడు! వరినాట్లు వేయుచు స్త్రీలు పాడు పాటలకు నాట్ల పాటలని పేరు. నాటనఁగా మోటని యింకొక యర్థమున్నమాట నిజమే. కాని యీ పిల్లవాని తల్లి నాట్లు వేసిన కూలితోనే వీనిని జదివించినది. ఆమె పాటకు మోటు పాటయని కొడుకే పేరు పెట్టినాఁడు. పెట్టినట్లు వానికిఁ దెలియనైనను లేదు. హరించినవానికే నష్టమని నేననుట యిందువలననే. తన చేతిలోని వస్తువేదో వానికిఁ దెలియకుండఁ బోవును.

"మాటలు మార్చినచో భావము నీదగునా?" యని యడిగితిని. "అందఱు నిట్లే చేయుచున్నారు. గడువు దాటితే ఫెలోషిప్పు ఆగిపోవును, ఇల్లు దానిమీఁదనే నడుచుచున్నది" అని వాఁడు బదులు చెప్పెను. ఆ మాటను నేను తేలికగాఁ దీసికొనలేదు. ఆకలితో నున్నవానికి నీతి బోధించుట సులభము. వాని యద్దె కట్టుట కష్టము. అయినను పర్యాయపదము లీయలేదు. నియమావళిలోని నిర్వచనమును జదివి చూపితిని. ఇతరుల రచననే గాక, భావమును దనదిగాఁ జూపుటయు చౌర్యమేయని యందున్నది. శాతము దండనకుఁ గొలఁత. దోషమునకు నిర్వచనము కాదు. 9 శాతముతోను దొంగ కావచ్చును.

ఈ విచారము మనకుఁ గ్రొత్తది కాదు. 9వ శతాబ్దమున ఆనందవర్ధనుఁడు ధ్వన్యాలోకమునందు రచనల నడుమఁ గనఁబడు పోలికను మూఁడు విధములుగా విభజించెను: అద్దములోని ప్రతిబింబమువంటిది, చిత్తరువువంటిది, ఇద్దఱు మనుష్యుల పోలికవంటిది. మొదటి రెండును విడువఁదగినవి. మూఁడవదానికి స్వంత ప్రాణమున్నది గనుక దోషము లేదు. రాజశేఖరుఁడు కావ్యమీమాంసయందు శబ్దహరణమును, అర్థహరణమును వేర్వేఱుగా విచారించెను. వారెవ్వరును అక్షరములు లెక్కింపలేదు. ప్రాణమున్నదా యని యడిగిరి. మన తెలుఁగువాఁడైన కొలచాల మల్లినాథసూరి మూలము లేనిది వ్రాయనని ప్రతిన పట్టి వ్యాఖ్యానములు రచించెను. ఎరవు తెచ్చుకొనుట తప్పు కాదు. ఇచ్చినవాని పేరు దాఁచుట తప్పు.

శిష్యుఁడు చిన్నబుచ్చుకొనియే వెళ్లెను. కొన్ని నెలల పిమ్మట నుత్తరము వ్రాసెను. నాట్లకాలమున తల్లితోఁ గూడఁ బొలమునకుఁ బోయి పాటలు స్వయముగా సేకరించినాఁడఁట. ప్రకరణము నలువది పుటలనుండి పదునెనిమిదింటికి దిగినదఁట. చిన్నదైపోయినదని పర్యవేక్షకుఁడు గొణిగెనఁట. గడువులోపల సమర్పించుటకై రాత్రులు ట్యూషన్లు మానుకొని అప్పుచేయవలసి వచ్చెనని కూడ వ్రాసినాఁడు. నిజాయితీకి వెల యున్నది. లేదని చెప్పువారు దానిని చెల్లింపనివారు.

అయితే యీ పాపము విశ్వవిద్యాలయముననే పుట్టినదా? కాదు. మన పాఠశాలలలో నోట్సు చెప్పుదురు. బాలుఁడు దానిని అక్షరము పొల్లుపోకుండ నప్పగించినచోఁ బూర్తి మార్కులు వేయుదురు. స్వంతమాటలతో వ్రాసినచోఁ దగ్గింతురు. బజారులో గైడు పుస్తకము పాఠ్యపుస్తకముకన్న ముందు అమ్ముడుపోవును. పదునైదేండ్లు బహుమానమిచ్చిన పనికి పదునాఱవ యేఁట దండన విధించిన, విద్యార్థి దోషమును దోషముగా నెట్లు గుర్తించును? వానికి శాతమొక్కటే కనఁబడును.

ఇఁక 2022 సంవత్సరాంతమునుండి కృత్రిమమేధతో వ్యాసములు వ్రాయు యంత్రములు జనసామాన్యమునకు అందుబాటులోనికి వచ్చినవి. అవి కూర్చు వాక్యములు ప్రాఁతపుస్తకములలో నున్నవున్నట్లు దొరకకపోవచ్చును. పోలిక మిక్కిలి తక్కువగా రావచ్చును. రచన మాత్రము విద్యార్థిది కాదు. అంకెనే నమ్ముకొన్న నియమము ఇచ్చట నిలువలేదు.

కాఁబట్టి నాకుఁ దోఁచిన సంస్కారములు మూఁడు. మొదటిది, బాల్యముననే ప్రతి వ్యాసము క్రిందను ఆ విషయ మెవ్వరివలనఁ దెలిసెనో వ్రాయించుట. నా తరగతిలో నిట్లు చేయించుచున్నాను. "మా నాయనమ్మ చెప్పినది" అని వ్రాసిన బాలికకు మొదటి బహుమానమిచ్చితిని. రెండవది, కోర్సువర్కులోని నీతిపాఠమును వట్టి ప్రశ్నపత్రముతో ముగింపక, విద్యార్థి వ్రాసిన పుటలనే వాని యెదుటఁ బెట్టి, ప్రతివాక్యమును ఏల వ్రాసితివని ముఖాముఖిగా నడుగుట. వ్రాసినవాఁడు చెప్పఁగలఁడు, ఎత్తివ్రాసినవాఁడు తడఁబడును. మూఁడవది, పర్యవేక్షకుఁడు ధ్రువపత్రముపై సంతకము చేయుటకుముందు ఆ గ్రంథమును జదువుట. ఈ మూఁడవదానికి నిధులు గాని యంత్రములు గాని యక్కఱలేదు. అయినను మూఁడింటిలో నిదియే మిక్కిలి కష్టమని నా భయము.